కల్లు మీద కుదిరిన కోచ్

అరకు కొండల్లో టెన్నిస్ కోచ్‌ను చూసీ చూడగానే తూకం వేయగలవాడు ఒక్కడే ఉన్నాడు. అది నేనే. పనసకాయను తట్టి లోపల తొనలెన్నో చెప్పినట్టు, మనిషి బ్యాటు పట్టుకుని నాలుగడుగులు నడిస్తే చాలు, వాడి దగ్గర పిల్లలు పైకొస్తారో పాడవుతారో చెప్పేస్తాను. మా మేనల్లుడు ఫల్గుణ కూతురికి కోచ్‌ను కుదిర్చిన ఘనత కూడా నాదే.

ఫల్గుణకు సిల్వర్ ఓక్ చెట్ల నీడన రెండెకరాల కాఫీ తోట, కల్లు గీసే జీలుగు చెట్టొకటి, ఒక కూతురు. కూతురి పేరు భాను, పదమూడేళ్లు. ఆ గుంట టెన్నిస్ నేర్చుకున్నది ఏ క్లబ్బులోనో కాదు, మా సిర్సగుడలో కాఫీ పిక్కలు ఎండబోసే సిమెంటు కళ్లంలో. మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయిన ఎలీయేజరు గారు ఆ కళ్లం మీద సున్నంతో గీతలు గీసి, నడుమ చేపల వల కట్టి, ఆరేళ్లుగా పిల్లలకు ఆట చెబుతున్నారు. ఒక గాలివానకు ఆ వలలో రెండు చేపలు కూడా పడ్డాయి. నమ్మితే నమ్మండి. కళ్లం నున్నన. బంతి పైకి లేవదు, పాములా జారిపోతుంది. అందుకని భాను మోకాళ్లు వంచి, నాటు వేసే మనిషిలా నడుం దించి, నేల మీదినుంచి బంతిని తవ్వి తీసినట్టు కొడుతుంది. డిసెంబరు వచ్చిందంటే కళ్లం కాఫీకి పోతుంది. ఫిబ్రవరి దాకా ఆట లేదు.

నిరుడు నవంబరు ఆఖరున, మొదటి కోత నడుస్తుండగా, ఎలీయేజరు మాస్టారు కర్ర పొడుచుకుంటూ తోటలోకి వచ్చారు. ఫల్గుణ నడుముకు బుట్ట కట్టుకుని పళ్లు కోస్తున్నాడు. ఎర్రటి పండును బొటనవేలితో మెలితిప్పి బుట్టలో వేయడం, పక్కనున్న పచ్చికాయను తగలకుండా వదిలేయడం. ఒక్కో కొమ్మ దగ్గరికి నాలుగుసార్లు రావాలి. అప్పటికి పది రోజులుగా అదే పని. మెడ వెనక నరం పట్టేసి తల తిప్పాలంటే మనిషంతా తిరుగుతున్నాడు.

మాస్టారు గట్టు మీద కూలబడి చాలాసేపు ఊపిరి తీసుకున్నారు.

"ఫల్గుణా, నా దగ్గరున్నది అయిపోయిందిరా."

"ఏటయిపోనాది మేస్టారూ, బంతులా?"

"బంతులు కాదురా. నాకొచ్చిన ఆట. మీ గుంట కొడితే నాను తియ్యలేకపోతన్నాను. జిల్లా పోటీల్లో ఓడిపోనాది సూడు, అది దాని తప్పు కాదు. సర్వీసు నాను పుస్తకం సూసి నేర్పినాను. పుస్తకంలో బొమ్మ ఒక పక్కే కనపడతాది."

ఫల్గుణ చేతిలోని కొమ్మ వదిలేశాడు.

"పద్నాలుగేళ్ల లోపు పోటీలకి దీనికిదే ఆఖరేడు," అన్నారు మాస్టారు. "విశాఖపట్నం తీసుకెళ్లి మంచి కోచ్ చేతిలో పెట్టు. నా దగ్గరే ఉంచితే కాఫీ కోతకే పనికొస్తాది."

"మంచోడో కాదో ఎలా తెలస్తాది మేస్టారూ?"

"నాకూ తెల్దురా. నన్నెవుడూ ఎంచుకోనేదు కదా. బళ్లో ఇంకెవుడూ నేక నన్నే ఉంచినారు."

లేచి వెళుతూ ఒక పేరు మాత్రం చెప్పారు. సరళ మేడమని, పట్నం చివర రెండు మట్టి కోర్టులు పెట్టుకుని ఎనిమిదిమంది పిల్లలకే నేర్పుతుందట. ఫల్గుణకు ఆ ఎనిమిది నచ్చలేదు. సంతలో ఎనిమిది కుండలే తెచ్చుకుని కూర్చున్న కుమ్మరి దగ్గర ఎవరు ఆగుతారు? సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నువ్వు లోకం తిరిగినోడివి. ఎవుడి దగ్గరికి ఎల్లమంటావు?"

లోకమంటే నేను తిరిగింది ఎస్.కోట దాకా. అక్కడ బస్టాండు ఎదుట పెద్ద బోర్డు చూశాను. నల్లకళ్లద్దాలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, చుట్టూ వెండి కప్పులు. లక్ష్మీప్రసాద్ టెన్నిస్ అకాడమీ. "ఆయనేరా," అన్నాను. ఇదీ నేను కోచ్‌ను కుదిర్చిన వైనం. మనిషి నడక చూసి తూకం వేస్తానన్నానా? ఆ బోర్డులో ఆయన నడుము దగ్గరే ఆగిపోయాడు. కాళ్లు కూడా నేను చూడలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లనడగడానికి వెళ్లినా, ఎద్దును జతకు అడిగినా, జీలుగు కల్లు ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకెళ్లి అవతలివాడి ముందు పెడతాం. తాగితే మాట కుదిరినట్టు. ముట్టకపోతే లేనట్టు. కాగితం లేదు, సంతకం లేదు. తాగిన మాట వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ బుర్ర నింపుకుని, ఒక పెద్దమనిషిని పక్కన పెట్టుకుని వెళ్లి, తప్పు ఒప్పుకుని పోయించాలి. అది తప్పు కల్లు. కోచ్‌ను కుదుర్చుకోవడానికి బయల్దేరిన ఫల్గుణ మరోలా ఎందుకు ఆలోచిస్తాడు? బుధవారం తెల్లవారకముందే చెట్టెక్కి దించిన కల్లు బుర్ర నిండా పోసుకుని, కూతురిని తీసుకుని మొదటి బస్సెక్కాడు.

ఘాటీ మలుపుల్లో బుర్ర మూతికి కుక్కిన ఆకుల్లోంచి నురుగు పొంగి ఫల్గుణ ప్యాంటు తడిసింది. కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏటది, వాసనొస్తంది?"

"మా గుంట సదువు బాబూ," అన్నాడు ఫల్గుణ.

భాను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బ్యాటు సంచిని రెండు మోకాళ్ల నడుమ బిగించి పట్టుకుంది.

మాస్టారి మాట తీసెయ్యలేక ముందు సరళ దగ్గరికే వెళ్లారు. యాభై ఏళ్ల మనిషి. తలకు టోపీ, మోకాలికి పట్టీ. రబ్బరు గొట్టంతో కోర్టుకు తనే నీళ్లు చల్లుతోంది. వీళ్లను చూసి గొట్టం ఆపలేదు. చల్లడం అయ్యాక బుట్టెడు బంతులు తెచ్చి, వల అవతల నిలబడి, ఒక్కొక్కటే భానుకు వేసింది. బాగా కొడితే మెచ్చుకోలేదు, వలకు కొడితే కసరలేదు. బుట్ట ఖాళీ అయ్యాక తనూ వంగి బంతులు ఏరింది. తర్వాత సర్వీసు చేయమంది. పది చేస్తే ఏడు బయటికి పోయాయి. ఆమె చూస్తున్నది బంతిని కాదు, దాన్ని ఎగరేసే భాను ఎడమ చేతిని.

"ఏ నేల మీద నేర్చుకున్నావమ్మా?"

"కళ్లం మీదండి."

"అంటే?"

"కాఫీ పిక్కలు ఎండేస్తారండి. సిమెంటు."

"బంతి లేవదా?"

"నేదండి. జారిపోద్ది."

సరళ తల ఊపి, భాను పాదాలు ఎక్కడ పెట్టిందో ఆ తడిమట్టి మీద గుర్తులు చూసింది. బ్యాటు కొసతో ఒక గుర్తు చుట్టూ గీత గీసింది. ఫల్గుణ వైపు తిరిగి మాట్లాడింది.

"ఈ వంగడం నేను నేర్పలేను, ఎవరూ నేర్పలేరు. సర్వీసు మాత్రం తీసేసి మొదటి నుంచి చెప్పాలి. మూడు నెలలు పోటీలకి పంపను. అందరూ ఆడుతుంటే ఈ అమ్మాయి బంతి ఎగరేసుకుంటూ ఉంటుంది. ఏడుస్తుంది. మీరు ఓపిక పట్టాలి. నా దగ్గర ఒక్క చోటుంది. శనివారం సాయంత్రం ఆరుదాకా ఉంచుతాను."

ఫల్గుణ బుర్రను ఆమె ముందు నేల మీద పెట్టి, ఆకులు తీశాడు.

"ఏంటండి ఇది?"

"జీలుగు కల్లు అమ్మా. ఈ పొద్దుటిది."

"నేను తాగనండి. తీసుకెళ్లండి," అంది సరళ, గొట్టం చుట్ట చుడుతూ.

ఫల్గుణ ఆకులు మళ్లీ కుక్కి బుర్ర చంకన పెట్టుకున్నాడు. చోటుందని నోరు చెప్పింది, చెయ్యి మాత్రం ముట్టలేదు. మా దగ్గర నోటికంటే చెయ్యి పెద్దది.

లక్ష్మీప్రసాద్ అకాడమీలో ఎనిమిది నీలం కోర్టులు. కళ్లద్దాలు బోర్డులో ఉన్నవే. భానును తమ సీనియర్ అమ్మాయితో ఆడించాడు. ఆ నీలం నేల మీద బంతి భాను భుజాల దాకా లేచింది. మొదటి మూడు గేములూ పోయాయి. నాలుగో గేములో భాను రెండడుగులు ముందుకు జరిగింది. బంతి లేవకముందే, కళ్లం మీద కొట్టినట్టు, కిందనే పట్టి కొట్టడం మొదలుపెట్టింది. మూడు మూడయింది. నాలుగు మూడయింది. గొడుగు కింద కూర్చున్న ఆ అమ్మాయి తల్లి ఫోను పక్కన పెట్టి, లక్ష్మీప్రసాద్ వైపు చూసింది.

లక్ష్మీప్రసాద్ చప్పట్లు కొట్టాడు. "చాలు, చాలు. ఎండెక్కింది."

తర్వాత వచ్చి ఫల్గుణ భుజం మీద చెయ్యి వేశాడు. ఊళ్లో పెద్దమనుషులెవరూ ఫల్గుణ భుజం మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు.

"మీ అమ్మాయి వజ్రం సార్. ఫీజు మాట ఎత్తొద్దు. మా సీనియర్ పిల్లలకి ఎదురుగా రోజూ ఆడుతుంది. వాళ్లతో ఆడితే అదే వస్తుంది ఆట. పోటీలు వచ్చే ఏడు చూద్దాం."

ఫల్గుణ బుర్ర ముందు పెట్టాడు. లక్ష్మీప్రసాద్ అదేమిటో తెలుసుకుని పెద్దగా నవ్వాడు. ఎవరినో పిలిచి ఫోనులో వీడియో తీయమన్నాడు. బుర్ర పైకెత్తి ఒక గుక్క నోట్లో పోసుకుని, కెమెరా వైపు బొటనవేలు చూపించి, మూతి తుడుచుకున్నాడు.

ఫల్గుణ మెడనరం అప్పుడు వదులైంది. తల తిప్పి కూతురిని చూశాడు. భాను నేల మీద పడిన బంతులు ఏరుతోంది. ఎవరూ ఏరమనలేదు. ఆ సీనియర్ అమ్మాయి నీళ్లు తాగుతోంది.

తిరుగు బస్సు అనంతగిరి దాటాక భాను అడిగింది.

"నాన్నా, ఆయన ఆట ఎందుకాపీసినాడు?"

"ఎండెక్కిందన్నాడు కదే."

"పక్క కోర్టులో ఆళ్లకి ఎక్కనేదా ఎండ?"

ఫల్గుణ బుర్రను ఈ తొడ మీదినుంచి ఆ తొడ మీదికి మార్చుకున్నాడు. "కల్లు తాగీసినాడు గుంటా. ఇంక మనం ఏటీ అనకూడదు."

గురువారమంతా భాను తన తల్లి చిన్నమ్మి పక్కన నిలబడి కాఫీ కోసింది. పచ్చికాయలు కూడా కోసి బుట్టలో వేసేస్తుంటే చిన్నమ్మి చెయ్యి పట్టుకుని ఆపింది. సాయంత్రం భాను కళ్లం మీదికి వెళ్లింది. అక్కడ అప్పటికే సగం దూరం పళ్లు ఎండబోశారు. మిగిలిన జాగాలో నిలబడి, బ్యాటు లేకుండా, ఎడమ చేత్తో బంతిని పైకి ఎగరేసి, కొట్టకుండా కింద పడనిచ్చింది. మళ్లీ ఎగరేసింది. బంతి తన ముందు ఒకే చోట పడాలని చూస్తోంది. పడట్లేదు. సరళ అన్న బంతి ఎగరెయ్యడమే అది. అక్కడే ఉన్న మాస్టారు సున్నంలో ముంచిన కర్ర కొసతో చిన్న సున్నా గీసిచ్చారు. ఫల్గుణ బస్తా భుజానికెత్తుకుని అటుగా వచ్చి ఆగాడు. బస్తా దించకుండానే చాలాసేపు చూశాడు. నూరుసార్లు ఎగరేసి ఉంటుంది.

అన్నాల దగ్గర భాను నోరు విప్పింది.

"నాన్నా, ఆ అకాడమీకి ఎల్తే ఆళ్ల గుంటలకి బంతులు అందిచ్చడానికే. నాను ఆట నేర్సుకోడానికి ఎల్తన్నానా, ఆళ్లకి నేర్పడానికి ఎల్తన్నానా?"

"వజ్రమన్నాడే నిన్ను."

"వజ్రమైతే గెలవనియ్యాల కదా."

ఫల్గుణ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టాడు. "మాట తప్పమంటావేటి?"

చిన్నమ్మి అంబలి పోస్తూ అందుకుంది. "తాగిన కల్లు తిరగబెట్టడానికి దారి నేదేటి? మీ అప్ప ముగ్గురు పెళ్లికొడుకుల కల్లు తిరగబెట్టినాది. నాలుగోవోడు మీ బావ. అప్పుడు మీ ఇంట్లో ఎవుడికీ మెడ నొప్పి రానేదు."

"తప్పు కల్లంటే పెద్దమనిషి కావాల."

"మీ మామ నేడా? కోచ్‌ని కుదిర్చినోడే రావాల మరి."

అలా శుక్రవారం పొద్దున నా గుమ్మంలోకి వచ్చాడు. నేను మోకాళ్లకు వేడి ఇటుక కాపడం పెట్టుకుని కూర్చున్నాను. పట్నం దాకా బస్సులో వంచి కూర్చోలేను, నువ్వే వెళ్లి నోటితో చెప్పు చాలన్నాను. ఫల్గుణ నా మోకాళ్ల వైపు చూసి వెళ్లిపోయాడు.

శనివారం జీలుగు చెట్టు సతాయించింది. చలికి కల్లు చుక్కా చుక్కా దిగుతోంది. సగం బుర్రతో తప్పు తీర్చడం మర్యాద కాదు. చెట్టు పైన కత్తి దోపుకుని కూర్చుని నిండేదాకా చూశాడు. కింద భాను బట్టల సంచి, బ్యాటు పట్టుకుని నిలబడింది. మొదటి బస్సు పోయింది. రెండోది కూడా పోయింది. మూడో బస్సులో నిలబడి వెళ్లారు.

అకాడమీ గేటు చేరేసరికి మూడు దాటింది. గేటు వేసి ఉంది. కాసేపటికి లోపలినుంచి కారు వచ్చి ఆగింది. ఫల్గుణ చెప్పులు విడిచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అద్దం సగం దిగింది.

"బాబూ, తప్పయిపోనాది. మా గుంటని ఇక్కడ ఎయ్యలేకపోతన్నాను. మాట తిరగబెట్టడానికి వచ్చినాను."

లక్ష్మీప్రసాద్ కళ్లద్దాల వెనకనుంచి చూశాడు. "ఎవరండి మీరు?"

"ఫల్గుణ బాబూ. అరకు."

"అరకా? హోమ్‌స్టేయా?"

"కాదు బాబూ, గుంట. బుధవారం ఆడింది. నువ్వు కల్లు..."

"ఆఫీసులో అడగండి," అన్నాడు. ఫోను మోగింది. అద్దం పైకి లేచింది. కారు వెళ్లిపోయింది.

ఫల్గుణ బుర్ర రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మూడు రోజులుగా ఆ మనిషికి కట్టుబడి అన్నం మానేశాడు, చెట్టు మీద చలికి వణికాడు. ఆ మనిషికి తాను కట్టుబడినట్టే తెలీదు.

గేటు పక్క స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ ఇదంతా చూస్తున్నాడు. ముసలివాడు. దగ్గరికి వచ్చి బుర్ర మూతి వాసన చూశాడు.

"జీలుగుదే. తప్పు కల్లా?"

ఫల్గుణ తలెత్తాడు. "నీకెలా తెలుసు?"

"మాది సాలూరు పైన కొండ. నలభై ఏళ్లయింది దిగి." టోపీ తీసి స్టూలు మీద పెట్టాడు. "ఆయన మర్సిపోనాడు. ఆయన మర్సిపోయినా తప్పు నీ మీదే ఉంటాది కదా, పాపం. గేటు కాడున్నోడు ఆ ఇంటి మనిషే. పొయ్యి."

గొంతుక్కూర్చుని రెండు చేతులు దోసిలి పట్టి నోటికి ఆనించాడు. ఫల్గుణ పోశాడు. బుర్ర అయిపోయేదాకా ముసలివాడు దోసిలి విప్పలేదు. తర్వాత తడి చేత్తో భాను తల నిమిరాడు.

"తీరిపోనాది. బేగి ఎల్లండి."

సరళ కోర్టు చేరేసరికి ఆరుకు పది నిమిషాలు. ఆమె రోలరు లాగుతోంది. పిల్లలు వెళ్లిపోయారు. ఫల్గుణ చెప్పడానికి చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు కానీ, బుర్ర ఖాళీగా ఉంది, చేతులకు ఏం చేయాలో తోచలేదు.

"గుంటని తెచ్చినానమ్మా," అన్నాడు. "నువ్వు ముట్టుకోనేదని ఎల్లిపోనాను. మాట ఇస్తావా?"

సరళ రోలరు ఆపి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. అలసిపోయి ఉంది.

"మాట ఇవ్వనండి. ఆరు నెలలు చూస్తాను. పనికిరాదనిపిస్తే మీకే చెప్తాను, దాచను. మీకు నచ్చకపోతే తీసుకెళ్లిపోండి, నేనేమీ అనుకోను. ఉండడం ఎక్కడ?"

"ఇక్కడ మా పిన్ని ఉందండి, ఆవిడ ఇంట్లో. దగ్గరే," అంది భాను.

"సోమవారం పొద్దున ఐదున్నర. ఈ షూస్ వద్దు. మట్టి మీద జారతాయి."

అంతే. రోలరు మళ్లీ కదిలింది. ఏ మాటా కుదరకుండా, ఏదీ తాగించకుండా, కూతురిని ఒక మనిషి చేతిలో పెట్టడం ఫల్గుణకు అదే మొదలు. పిన్ని ఇంటికి నడుస్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. "అది మాటేనేటే? మాటిచ్చినట్టేనా?" అని అడిగాడు. భాను ఖాళీ చేత్తో బంతి ఎగరేస్తున్నట్టు గాలిలోకి ఎత్తి, పడనిస్తూ నడుస్తోంది.

ఇందులో నేను అల్లిన ముక్క ఒకటుంది, చెప్పేస్తాను. సాలూరు మనిషి లేడు. ఆ గేటు దగ్గర ఎవరూ ఉండరు. పైన ఒక కెమెరా ఉంటుంది, తలుపు దానంతట అదే మూసుకుంటుంది. కారు వెళ్లాక ఫల్గుణ కల్లును తనే గేటు మొదట్లో వంపేశాడట. కింద సిమెంటు కావడంతో నేల తాగలేదట. అది కాలవ దాకా పారి ఆరేవరకూ తండ్రీ కూతుళ్లు పక్కన నిలబడ్డారట. భాను చెప్పింది. నా మోకాళ్ల నొప్పి కూడా అంత పెద్దదేం కాదు. తప్పు కల్లు పోసేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి కదా. నేను వెళ్లలేదు గనుక, ఒకణ్ణి పంపాను.